తడి ఇసుక

పైపు వంచేవాడికి మొదటి పాఠం ఇసుకే. పైపు నిండా ఇసుక కూరి, రెండు చివరలా చెక్క బిరడాలు బిగించి, కాల్చి వంచితే సొట్ట పడకుండా తిరుగుతుంది. ఆ ఇసుకను ముందు పెనం మీద పొడిపొడిగా వేయించాలి. చెమ్మ మిగిలితే లోపల ఆవిరి పుట్టి పైపు పేలిపోతుంది. పదేళ్ల క్రితం అన్న అలాగే పోయాడు. ఇసుక నింపింది తానేనని ఆస్పత్రిలో చెప్పి మరీ కన్నుమూశాడు.

నింపింది తమ్ముడు. వేయించడానికి బద్ధకించి, "అంతా అయిందన్నా" అంటూ పైపు అన్న చేతికిచ్చింది అతనే. అప్పటినుంచి తేలు కుట్టిన దొంగలా నోరు మెదపలేదు. పెళ్లీ పెటాకులూ లేనివాడు. నా అనుకునేవాళ్లలో మిగిలింది వదిన ఒక్కతే. నిజం తెలిస్తే గుమ్మం తొక్కనివ్వదని భయం.

వదినకు ఈమధ్య చూపు మందగించింది. మేడమెట్ల మలుపులో కాలు జారుతోందని రెయిలింగ్ అడిగింది.

"ఊరందరి మెట్లకీ చేస్తావు. నాకు మాత్రం గోడే గతి!"

అతను ఇసుకను రెండుసార్లు వేయించాడు. పైపు కాల్చి భయం భయంగా వంచాడు. చల్లారాక చూస్తే మలుపు దగ్గర సొట్ట. బిరడా తీసి పైపు బోర్లిస్తే ఇసుక తడిముద్దలుగా పడింది. అంత తడికి పైపు పేలి తీరాలి. పేలలేదు.

రెండోదీ అంతే. మూడోదీ అంతే. సొట్ట మాత్రం అదే చోట.

చేసేదిలేక మూడోదాన్నే తెచ్చి, పట్టపగలు మెట్లకు బిగించాడు. వదిన పట్టుకుని ఎక్కుతూ మలుపులో ఆగిపోయింది.

"ఇది సొట్ట కాదయ్యా. వేళ్లు."

అతనూ చెయ్యి పెట్టి చూశాడు. బొటనవేలికి ఒక గుంట, తక్కిన వేళ్లకు మూడు. చిటికెనవేలికి లేదు. అన్న చిటికెనవేలు ఎప్పుడో రేకు కత్తెరలో పోయింది. నీడపట్టున ఉన్న ఇనుము వెచ్చగా తగిలింది. భయపడి చెయ్యి లాక్కోబోయాడు. రాలేదు.

"వదినా! ఆ రోజు ఇసుక నింపింది నేనే. వేయించలేదు."

చెయ్యి వదులైంది.

"తెలుసు," అంది వదిన. "ఆయన అబద్ధం చెబితే నాకు తెలియదా? నువ్వెప్పుడు చెబుతావా అనే చూస్తున్నాను."

అతను మెట్టు మీద కూలబడి, పదేళ్ల ఏడుపూ ఒక్కసారే ఏడ్చాడు. వదిన తిట్టలేదు. మలుపు దగ్గర మళ్లీ తడిమింది. ఒకసారి, రెండుసార్లు, ఆ చివరినుంచి ఈ చివరిదాకా. ఇనుము చల్లగా, నున్నగా ఉంది. ఎక్కడా గుంట లేదు.

"పదేళ్లు ఆగావు కదయ్యా," అంది, ఆ వేళ్లున్న చోటే చెయ్యి ఉంచి. "ఇంకొక్క క్షణం ఆగలేకపోయావా?"