గంగమణి వంతు

ఎనభై ఏడులో, పసుపు ఉడకబెట్టే రోజుల్లో, మా ఇంట్లో అందరి అరచేతులూ పచ్చగానే ఉన్నాయి. ఆరిన కొమ్ములను విరిచి వేరు చేస్తూ రోజంతా వాకిట్లో కూర్చునేవాళ్లం. సబ్బుతో ఎంత తోమినా ఆ రంగు పోదు. అందుకే నా తోటికోడలు గంగమణి పాలిపోతున్న సంగతి ఎవరి కంటా పడలేదు. ఆమెకు ఎనిమిదో నెల. నాలుగు మెట్లెక్కితే ఆయాసపడేది. ఒకరోజు ఆవలిస్తుంటే నాలుక చూశాను. సున్నం పూసినట్టుంది.

మా అత్త నీలవ్వతో చెప్పాను.

"పసుపుల కూసున్నోళ్లు పచ్చగ కాక ఎర్రగుంటరా? బీయే సదివి గిదేనా నేర్సింది?" అన్నది.

ఆర్మూరు దవాఖానకు నేనే తీసుకుపోయాను. డాక్టరమ్మ కింది కనురెప్ప లాగి చూసి, పరీక్ష చేయించి, రక్తం చాలా తక్కువుందన్నది. బిళ్లలు రాసింది. "మాంసం, చేపలు, గుడ్లు పెట్టండి. వారానికోసారన్న లివర్, అదే కార్జం, తినాలె. కాన్పుల రక్తం పోతే తట్టుకోదు" అని నాకే చెప్పింది, చదువుకున్నదాన్నని.

గంగమణి మొగుడు, మా మరిది కాశీరాం మంచివాడే. ప్రతి ఆదివారం పొద్దున్నే పోయి మేక కార్జం తెచ్చేవాడు. వండేది నేను. కానీ మా ఇంట్లో ముందు మగవాళ్లు తినాలి. వాళ్లు లేచాక అత్త, ఆ తర్వాత మేమిద్దరం. కార్జం ఉందంటే మామ భోజన్న రెండోసారి వేయించుకోకుండా లేవడు. గంగమణి దాకా వచ్చేసరికి గిన్నెకు అంటిన మసాలా మిగిలేది. అందులోనే అన్నం వేసి కలుపుకునేది.

"అక్కా, గిన్నెల కలిపిన బువ్వ రుచి గా మొగోళ్లకేం ఎరుక?" అని నవ్వేది.

మూడో ఆదివారం నాలుగు ముక్కలు తీసి పిండిడబ్బా వెనక దాచాను. అత్త కనిపెట్టింది.

"దొంగతిండి తింటే కడుపుల పిల్లకు గదే బుద్ధొస్తది" అని వాటిని తెచ్చి మామ పళ్లెంలో వేసింది.

"కోడలికి గూడ కార్జం గావాల్నా? నాగలి పడ్తదా ఏంది?" అన్నాడు మామ. కాశీరాం కూడా నవ్వాడు.

అది తెచ్చిందే ఆమె కోసమని ఒక్క మాట అంటే సరిపోయేది. ఎదురు మాట్లాడే కోడలని పేరొస్తుందని, గరిటె పట్టుకొని అలాగే నిలబడ్డాను.

కాన్పుకు ముందురోజు దాకా గంగమణి కొమ్ములు ఏరుతూనే ఉంది. దవాఖానలో సూది పెట్టడానికి నర్సు ఆమె చేతిని స్పిరిట్ దూదితో రుద్దింది. సబ్బుకు పోని పసుపు దూదికి వచ్చేసింది. కింద చర్మం కాగితంలా ఉంది.

"గిదేంది, గింత తెల్లగున్నది?" అన్నది నీలవ్వ.

ఆడపిల్ల పుట్టింది. రక్తం ఆగలేదు. మధ్యాహ్నానికి గంగమణి లేదు.

మూడో రోజు పిట్టకు పెట్టారు. పోయినవాళ్లకు ఇష్టమైనవి వండి విస్తట్లో పెడితే కాకి వచ్చి ముట్టాలి. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిందని అనుకుంటారు.

"దానికి కార్జమంటే పానం" అంటూ అత్త కిలో తెప్పించింది. నేనే వండాను. ఎవరూ తినకముందే గంగమణి వంతు తీశారు. విస్తరి నిండా ముక్కలే.

మేము దూరంగా జరిగామో లేదో కాకి వాలింది. పెద్ద ముక్కనే ఎత్తుకుపోయింది.

"సూసిండ్రా? ఏ రంది లేకుంట పోయింది నా బిడ్డ" అని అత్త కొంగుతో కళ్లు తుడుచుకుంది. కాశీరాం ముఖం తేలికపడింది.

ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కొని, మగవాళ్లు వరసగా కూర్చున్నారు. గిన్నెలో ఇంకా సగం కూర ఉంది.

"జర కార్జం ఎక్కువెయ్యి బిడ్డా" అన్నాడు మామ.

వేశాను.