అరవై అడుగుల ‘పో’

...నెత్తి మీద తలకట్టు పెట్టి ఊరుకున్నా అది ఉత్త ‘ప’ అయ్యేది. ‘ప’కి అర్థం లేదు, అర్థం లేనిదానితో ఎవరికీ పేచీ ఉండదు. కానీ ఈ శిల్పి, ఎవరో ఇటలీ ఆయన, తలకట్టు పెట్టలేదు. లావుపాటి స్టీలు గొట్టాన్ని కింద గిన్నెలా వంచాడు, మధ్యలో చిన్న నొక్కు నొక్కాడు, పైన మెలిక తిప్పాడు, ఆ మెలిక చివరని తోకలాగా ఆకాశంలోకి లేపాడు. ఓత్వం. అనుమానం లేదు. అరవై అడుగుల ఎత్తున, సముద్రపు గాలికి ఎదురు నిలబడి, ‘పో’.

ఏసుపాదం కళ్లద్దాలు తీసి, టై చివరతో తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు. ‘పో’. డ్రాయింగ్ షీటుకి దూరంగా కుర్చీ జరుపుకుని చూశాడు. ఇంకా స్పష్టంగా ‘పో’.

అమెరికాలో, లాస్ కొలీనాస్‌లో నాలుగో అంతస్తు ఆఫీసు అది. బయట హైవే మీద కార్లు ఎవరూ తరమకుండానే పోతున్నాయి. తొమ్మిదేళ్లుగా ఈ కంపెనీలో అతను నీళ్ల ట్యాంకులూ చిన్న చిన్న వంతెనలూ పడిపోకుండా లెక్కలు కడుతున్నాడు. ఇది పందొమ్మిది వందల ఎనభై మూడు. ఎర్ర సముద్రం ఒడ్డున జెడ్డా నగరం రోడ్ల కూడళ్లలో శిల్పాలు నిలబెడుతోంది. అందులో ఒకదానికి గాలి లెక్కలు కట్టే పని తిరిగి తిరిగి ఈ కంపెనీకి వచ్చింది. శిల్పం పేరు ‘స్వాగతం’. షరతు ఒక్కటే: మనిషిని గాని, పక్షిని గాని, జంతువుని గాని పోలి ఉండకూడదు. అక్షరం సంగతి షరతుల్లో లేదు. అరబ్బీ అక్షరాలైతే వాళ్లకి ఇష్టమేనట. తెలుగు అక్షరం గురించి ఆలోచించిన కాంట్రాక్టు ప్రపంచంలో ఇంతవరకూ ఎవరూ రాయలేదు.

అయినా అది అతని తప్పు కాదు. అతను గీయలేదు. అతను చేయాల్సిందల్లా ముద్ర వేయడం. ఆ ముద్రే చిక్కు. ఇంజనీరు లైసెన్సు పరీక్ష మూడోసారి రాసి, పోయిన నెలలోనే పాసయ్యాడు. తన పేరు గుండ్రంగా చెక్కి ఉన్న ఇనుప ముద్ర పోస్టులో వచ్చింది. ఇంట్లో పేపర్ నాప్‌కిన్ల మీద, కూతురు లూసీ హోంవర్కు మీద, చివరికి ఒక చపాతీ మీద కూడా నొక్కి చూసుకున్నాడు. నిజం కాగితం మీద మొదటిసారి పడబోయేది ఈ షీటు మీదే. ఆ షీటు జెడ్డాలో క్రేను నడిపేవాడి చేతికి వెళ్తుంది. ఆ క్రేను నడిపేవాడు అతని అన్న.

ఈ సంగతి రెండు వారాల క్రితం వదిన విమలకుమారి ఉత్తరంలో తెలిసింది. వదిన అతనికి రాయదు, అతని భార్య ప్రేమజ్యోతికి రాస్తుంది. ‘మీ బావగారు ఇప్పుడు జెడ్డాలో సముద్రం రోడ్డు మీద బొమ్మలు నిలబెడతన్నారు. అన్నిటికన్నా పెద్ద క్రేను ఆయనకే ఇస్తారంట. తర్వాత నిలబెట్టేది ‘స్వాగతం’ అంట, అరవై అడుగులంట.’ ఏసుపాదం అది నాలుగుసార్లు చదివాడు. ఇశ్రాయేలీయుల కోసం పాయలైన సముద్రం అన్నదమ్ముల కోసం ఆ కష్టం పడదు కాబోలు అనుకున్నాడు.

అన్న ఆమోసు కాకినాడ పోర్టులో క్రేన్ ఆపరేటరుగా ఉండేవాడు. అతన్ని అమెరికా రప్పించాలని ఏసుపాదం ఫారాల మీద ఫారాలు పంపాడు. మూడేళ్లు నింపి నింపి ఆమోసు విసిగిపోయి, గల్ఫ్ ఏజెంటుకి సరే అన్నాడు. డెబ్భై ఎనిమిదిలో పాస్టరుగారి ఇంటికి ట్రంకు కాల్ చేసి పిలిపిస్తే, దొరికినవి మూడు నిమిషాలు. అందులో రెండున్నర ‘హలో, వినపడతందా’లతోనే పోయాయి.

“ఇంకో ఏడాది ఆగలేవా అన్నా?”

“నీ ఫారాలు నింపేలోగా నాకు మనవలు పుడతార్రా. రేపు పొద్దున్నే బొంబాయి బండి. పోతన్నా.”

‘పోయొస్తా’ అనలేదు. ‘పోతన్నా’ అన్నాడు. ఇంట్లోంచి బయలుదేరే మనిషి అలా అనడు, వీధి చివర కొట్టుకి వెళ్లేవాడైనా అనడు. ఏసుపాదం రిసీవరుని నోటికి ఇంకా దగ్గరగా పట్టుకున్నాడు.

“పో—”

లైను తెగిపోయింది.

ఈ ఐదేళ్లలో అతను ఆ ఒక్క అక్షరం ముందు ఎన్నిసార్లు కూర్చున్నాడో లెక్కలేదు. ‘పోయి రా’ అనబోయాడు, మిగతాది ఆపరేటరు కోసేసింది. ఇది ఒక కథనం. ‘పో’ అనే అన్నాడు, లైను తెగడం వల్ల ‘యి రా’ అనబోయానని తనకు తాను చెప్పుకునే వీలు దొరికింది. ఇది రెండో కథనం. పగలు మొదటిది నిజంగా కనిపించేది, షవర్ కింద నిలబడ్డప్పుడు రెండోది. నాలుక మీద ‘యి’ ఉందా? ఉంటే పెదవులు విచ్చుకోవాలి. విచ్చుకున్నాయా? అద్దం ముందు చాలాసార్లు అని చూసుకున్నాడు. ‘పో’ దగ్గర పెదవులు గుండ్రంగా ఆగిపోయేవి. ఆ తర్వాత ఏం చేసేవో అవీ చెప్పేవి కావు.

ఇప్పుడు అన్న తన క్రేనుతో, తన చేతులతో, తమ్ముడి ముద్ర ఉన్న అరవై అడుగుల ‘పో’ని ఎత్తి నిలబెట్టబోతున్నాడు. చెవిలో వేసింది చాలక స్టీలులో పోయించి పంపాడనుకుంటాడు.

లేక ఇదంతా తన మనసు చేస్తున్న పనేనా? తమ ఊరు ఇర్వింగ్‌లోని లైబ్రరీ నుంచి అతను తెచ్చుకున్న మనస్తత్వ శాస్త్రం పుస్తకంలో సిరా మరకల పరీక్ష ఉంది. మరకలో ఏమీ ఉండదట, చూసేవాడి బాధే అక్కడ కూర్చుని ఉంటుందట. అలా అయితే ఇంకొకరికి చూపించాలి. ముందుగా ఏమీ చెప్పకూడదు. శాస్త్రీయంగా జరగాలి.

శనివారం షీటు కాపీ ఇంటికి తెచ్చి డైనింగ్ టేబుల్ మీద పరిచాడు.

“ఇదేంటో చెప్పు,” అన్నాడు ప్రేమజ్యోతితో.

ఆమె బెండకాయలు తరుగుతూ ఓరగా చూసింది. “కొంగ.”

“సరిగ్గా చూడు.”

“సరిగ్గానే చూశానండీ. కొంగ నీళ్లు తాగతంది.”

అతనికి ఒక భయం తగ్గి ఇంకో భయం పట్టుకుంది. “కొంగ అనకు. పక్షులు ఉండకూడదు. కాంట్రాక్టులో ఉంది.”

“అయితే కొంగ అంటే జైల్లో పెడతారా? కంగారు పడకండి, కొంగ కాదులెండి. గరిట.”

“గరిటకి తోక ఉంటుందా?”

“మీరు అడగడం దేనికి, నేను చెప్పడం దేనికి! మీకేం కనపడిందో చెప్పరాదూ?”

చెబితే పరీక్ష పాడవుతుంది. హాయిగా కూడా ఉంది. కొంగా గరిటా అయితే బాధ తనదే, అక్షరం లేదు. తనకి పిచ్చెక్కుతోంది, అంతే. పిచ్చికి డాక్టర్లు ఉన్నారు.

అప్పుడు లూసీ వచ్చింది. దానికి ఎనిమిదేళ్లు. ఆదివారం చర్చి అయ్యాక ప్రేమజ్యోతి పిల్లలకి తెలుగు అక్షరాలు చెబుతుంది. లూసీ గుణింతాల దాకా వచ్చి, అక్కడ కారు పార్క్ చేసినట్టు ఆగిపోయింది.

“డాడీ, ఐ నో దిస్ వన్!” అని టేబుల్ మీదకి వంగి, గుండెల నిండా ఊపిరి తీసుకుని, అమెరికా ఒత్తు వేసి చదివింది. “ఫో!”

“ఫో కాదే, పో! ఎన్నిసార్లు చెప్పాలి, పెదవులు కలుపు. ‘ఫో’ అంటే ఎదటోళ్లు చెంప పగలగొడతారు,” అంది ప్రేమజ్యోతి. తర్వాత చాకు ఆపి, షీటుని మళ్లీ చూసింది. “అయ్యో! అవునండీ. పో!”

“ఫో!” అంది లూసీ, ఇంకా గట్టిగా.

ప్రేమజ్యోతి భర్త ముఖం చూసింది. ఆ ఫోన్ కాల్ సంగతి ఆమెకి తెలుసు. “ఇది బావగారు నిలబెట్టే బొమ్మా?”

అతను తలూపాడు. ఆమె నవ్వు ఆపుకోవాలని చూసింది, ఆగలేదు. బెండకాయ ముక్కలు కింద పడేంతగా నవ్వింది. “ఐదేళ్లు ఒక్క కార్డు ముక్క రాయలేదు. రాస్తే ఇంత పెద్దదా!”

సోమవారం పొద్దున్నే ఏసుపాదం ఆఫీసులో లెక్కల కాగితం ముందు కూర్చున్నాడు. మార్గం ఒకటి ఉంది. గాలి ఆ మెలిక దగ్గర సుడి తిరుగుతుంది. స్టీలు భరించగలిగినదాంట్లో గాలి వాడుకునేది డెబ్భై ఒక్క శాతం. ఆ డెబ్భై ఒకటిని నూట నాలుగు చేస్తే మెలిక తీసేయాల్సిందే. ‘ప’ మిగులుతుంది. ఎవరూ తిరిగి లెక్క చూడరు. పెన్సిల్‌తో ఏడుని చెరిపాడు. ఆ తెల్లటి ఖాళీని చూస్తూ కూర్చున్నాడు. జీవితంలో మొదటి ముద్ర, దాని కింద మొదటి అబద్ధం. ఒక్క మాట చెప్పడం చేతకాక స్టీలు మీద నెపం వేయడం. ఏడుని మళ్లీ రాశాడు. అది మొదటికంటే కొంచెం లావుగా వచ్చింది.

బాసు డ్వేన్ కాఫీ కప్పుతో వచ్చాడు. ‘ఏసుపాదం’ పలకలేక మొదటి వారమే అతన్ని జెస్సీ చేసిన మనిషి.

“జెస్సీ, మధ్యాహ్నానికి ఆ లిఫ్టింగ్ షీటు వెళ్లాలి. క్రేను డ్రైవరు ఎదురుగా అంటించుకునేది. మనిషి, జంతువు, అలాంటిదేమైనా కనిపిస్తోందా నీకు?”

“లేదు.”

“మంచిది. నాకైతే మా అత్తగారి టోపీ కనిపిస్తోంది. టోపీ ప్రాణి కాదు, అత్తగారే ప్రాణి.”

తొమ్మిదేళ్లలో ఈ మనిషి అడగని మాట ఏసుపాదం ఒక్కటీ చెప్పలేదు. “డ్వేన్, అది... అది మా భాషలో ఒక మాట.”

“నిజంగా?” డ్వేన్ కప్పు కింద పెట్టాడు. “బూతా?”

“కాదు. అంటే, ఎవరు ఎవరితో అంటున్నారన్నదాన్ని బట్టి.”

“అర్థం ఏంటి?”

ఏసుపాదం గొంతు సవరించుకున్నాడు. “గో.”

“గో?”

“గో.”

డ్వేన్ షీటుని చూశాడు, అతన్ని చూశాడు, టేబుల్ మీద చెయ్యి వేసి కొట్టాడు. “అది ట్రాఫిక్ సర్కిల్‌లో పెట్టేదయ్యా! నాలుగు రోడ్ల మధ్య ‘గో’ కంటే మంచి మాట ఏముంది? క్లయింటుకి చెబుదామా?”

“వద్దు.”

“సరే, నీ ఇష్టం. ముద్ర వెయ్యి.” నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. తలుపు దగ్గర ఆగి, “నీ భాషలో ‘కమ్ బ్యాక్’ ఎలా ఉంటుంది జెస్సీ? ఇంకో సర్కిల్ దొరికితే అదీ పెడదాం,” అన్నాడు.

తలుపు మూసుకుంది.

ఇంగ్లీషులో ఆ మాటకి కోరలే లేవు. అదే అక్షరం డ్వేన్ దగ్గర పచ్చ దీపం, లూసీ దగ్గర చెంపదెబ్బ, ప్రేమజ్యోతి దగ్గర కొంగ. తన దగ్గర మాత్రం ఐదేళ్లుగా తెగిపోయిన తీగ. ఆ రోజు ఏమనబోయాడో ఇప్పటికీ తెలియదు. బహుశా ఎప్పటికీ తెలియదు. ఆ నోరు ఆ క్షణంతోనే పోయింది, ఈ నోరు వేరు. ఆ రోజు అనబోయాడో లేదో తేలితే తప్ప ఇవాళ అనకూడదని చట్టమేమీ లేదు కదా.

ముద్రని షీటు మూలన పెట్టి, రెండు చేతులతో నొక్కాడు. కాగితం కరుచుకుని తన పేరు ఉబ్బింది. చపాతీ మీద కంటే బాగా వచ్చింది. క్రేను క్యాబిన్‌లో అన్న ఈ షీటుని కళ్ల ముందు అంటించుకుంటాడు. ముందు పేరు చూస్తాడో, బొమ్మ చూస్తాడో.

పెన్సిల్ పక్కన పెట్టాడు. చెరగని నల్ల ఇంకు పెన్ను తీసి మూత విప్పాడు. బొమ్మకి కుడివైపు, ఆ స్టీలు తోక ఆగిపోయిన చోట, కొలతలు రాయడానికి వదిలిన ఖాళీలో, అక్షరాలు వంకర పోకుండా స్కేలు ఆనించి, ‘యి రా అన్నా’ అని రాశాడు.