పాత తరాజు

"అత్తమ్మా, పాత తరాజు ఏడుంది?" అన్నాను బియ్యం చెరుగుతూ. మా అత్త భీమమ్మకు ఒక చెవి ఎప్పుడూ సెలవులోనే ఉంటుంది. "పాత రాజా? ఏ రాజే?" అని నన్ను ఎగాదిగా చూసింది. వివరించబోతే పొయ్యి మీది పప్పు మాడేట్టుంది. పెండ్లయిన కొత్తలోనే "నోరెక్కువ" అని నాకు పేరు పెట్టారు. అప్పటినుంచి నా జోకులు నా లోపలే కాపురం చేస్తున్నాయి. మామ కిరాణా కొట్టులో సరుకులు తూచిన తరాజును అటక మీంచి నేనే దించుకున్నాను.

అది రెండువేల నాలుగు. ఆత్మకూరు బడిలో విద్యా వాలంటీరును. ఒకటో తరగతి పిల్లలకు ఏడు పెద్దదో, నాలుగు పెద్దదో తేలడంలేదు. ఒక పళ్లెంలో ఏడు గోలీలు, ఇంకోదాంట్లో నాలుగు వేసి తరాజు ఎత్తాను. బోర్డు మీదా అదే బొమ్మ గీశాను.

"ఏ దిక్కు ఎక్కువున్నయి?"

అందరూ పైకి లేచిన పళ్లేన్నే చూపించారు.

"పైన కూసున్నదే పెద్దది టీచర్," అంది ఉమేరా. "మా అబ్బ మంచం మీద కూసుంటడు. అమ్మి కింద కూసుంటది."

"మా ఇంట్ల గూడ," అంది తరగతంతా.

నవ్వబోయి ఆగిపోయాను. మా ఇంట్లో గూడ.

ఉమేరా ఒక చేతిలో ఏడు గోలీలు, ఇంకో చేతిలో నాలుగు పోశాను. "ఏ చెయ్యి గుంజుతుంది?"

"ఏడున్నది."

"బరువున్నదే కిందికి దిగుతది బిడ్డా."

ఉమేరా ఏడున్న చేతిని ఇంకా కిందికి దించి చూసుకుంది. "అయితే అమ్మే ఎక్కువనా టీచర్?"

బోర్డు మీద కిందికి దిగిన పళ్లెం చుట్టూ సున్న చుట్టాను.

గుమ్మంలోంచి చూసిన హెడ్మాస్టరు నరేందర్ సారుకు తరాజు నచ్చింది. "రేపు వనపర్తిల టీచర్ల బోధన సామాన్ల మేళా ఉంది, దీన్ని నేను చూపిస్త యమునమ్మా. నువ్వు చూపిస్తే ఏం బరువుంటది?"

సాయంత్రం దాన్ని తీసుకుపోవడానికి ఇంటికే వచ్చాడు. కుర్చీలో ఆయన, మంచం మీద మా ఆయన రాఘవేందర్, గడప దగ్గర అత్తమ్మ, నేల మీద చిక్కుడుకాయలూ నేనూ.

"ఏమే, పొద్దుగాల ఎవడో పాత రాజును ఎతుకుతున్నవంట?" అన్నాడు మా ఆయన, సారు ముందరే.

లోపలికెళ్లి తెచ్చి అందరి మధ్యా ఎత్తి పట్టాను. "గీయనే. రాజు కాదు అత్తమ్మా, తరాజు."

అత్తమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. సారు నవ్వుతూనే చెయ్యి చాపాడు. నేను ఇవ్వలేదు.

"రేపు మేళాకు నేనే తీస్కవోత సారూ. మీరు చూడనీకి రాండ్రి."

"మరి ఇంట్ల వంట?" అన్నాడు మా ఆయన.

చిక్కుడుకాయల చేట ఆయన ఒళ్లో పెట్టి, పక్కనే కూర్చున్నాను. నవారు మంచం నా వైపు కిందికి దిగింది.