కుడివైపు ఎండ

"ఈసారి నువ్వేం పట్టించుకోకు. అన్నీ నేనే చూసుకుంటాను," అన్నాడు మెరిల్, పెరట్లో కూచుని ఐస్ పెట్టె తోముతున్న డార్లాతో.

డార్లా చేతిలో పీచు ఆగింది. పెళ్ళయిన ఇరవై తొమ్మిదేళ్ళలో ఈ మాట ఆమె చెవిన పడటం ఇదే మొదలు. ఆ ఇంట్లో ప్రయాణమంటే మెరిల్ ట్రక్కు తుడుస్తాడు. మిగతావన్నీ, అంటే బట్టలు, మందులు, దారిలో తినడానికి శాండ్‌విచ్‌లు, కుక్కను పక్కింట్లో అప్పజెప్పడం, చెట్లకు నీళ్ళ ఏర్పాటు, వాటంతటవే జరిగిపోతాయని అతని నమ్మకం. అలాంటి మనిషి భోజనాల బల్ల నిండా పటం పరిచి, ఎర్ర కొండల మధ్య నుంచి, లోయల అంచుల వెంట పెన్సిలుతో దారి గీస్తున్నాడు. పేజ్ ఊరి దగ్గర ఇరుకు లోయ, తరవాత మాన్యుమెంట్ వ్యాలీ, మోయబ్‌లో రాతి కమానులు, బ్రైస్, జయాన్ లోయలు. సంతోషించాలి కదా. సంతోషించింది కూడా, ఒక పూట.

వాళ్ళుండే మీసా ఊరి నుంచి ఉత్తరంగా ఆరేడు గంటలు పోతే చాలు, ఆ లోకమంతా ఉంది. కానీ డార్లాకు తెలిసింది పెట్రోలు బంకులూ, కనాబ్‌లో అత్తగారి వంటిల్లూ మాత్రమే. ఏ సెలవొచ్చినా కనాబే. దారిలో జేకబ్ లేక్ దగ్గర లోయ అంచుకు పోయే మలుపు వస్తుంది. వచ్చినప్పుడల్లా "ఒక్కసారి చూసొద్దామా?" అనేది. "ఆ గొయ్యి ఎక్కడికి పోతుంది? అమ్మ వంటకి నీకోసం చూస్తూ ఉంటుంది," అనేవాడు మెరిల్. కొన్నాళ్ళకి ఆమె అడగడం మానేసింది, అతను మాత్రం ఆ మలుపు దగ్గర అలవాటుగా కాస్త వేగం పెంచేవాడు. ఆ మనిషికి ఇప్పుడు లోయల మీద ఇంత ప్రేమ ఎక్కణ్ణుంచి పుట్టుకొచ్చింది?

కళ్ళజోళ్ళ దుకాణంలో తనతో పాటు పనిచేసే యోలాండాతో ఈ మాట అంటే ఆవిడ పగలబడి నవ్వింది. "ఒసే పిచ్చిదానా, మొగుడు అడక్కుండా షికారు తీసుకెళ్తానన్నాడంటే మధ్యలో ఇంకొకత్తె ఉందనే. చొక్కా జేబులు చూసుకో."

డార్లా జేబులు చూడలేదు. మెరిల్ చొక్కాలు ఉతికేదే ఆమె, వాటిలో ఏముంటాయో ఆమెకు తెలియనిది కాదు. పటం చూసింది. కనాబ్ చిట్టచివర ఉంది. ఎప్పుడూ ముందు కనాబ్‌లో దిగి, మూటలక్కడ పడేసే మనిషి ఈసారి తల్లిని చివరికి ఎందుకు పెట్టాడు? "తిరిగొచ్చేటప్పుడు ఓసారి పలకరించి వచ్చేద్దాం, అంతే," అన్నాడు, పటం మడుస్తూ. అడగని ప్రశ్నకు అంత తొందరగా జవాబు చెప్పడం ఆమెకు నచ్చలేదు.

ఆ తరవాత ఒక్కొక్కటే కంటబడసాగాయి. ట్రక్కు వెనక సీటు ఖాళీగా ఉంచాలట, సామానంతా పైన కట్టాలట. ఇద్దరు మనుషులకి అంత వెనక సీటు దేనికి? ఓ రోజు ఎత్తు పీట కొనుక్కొచ్చాడు, ట్రక్కు ఎక్కడానికని. మెరిల్ తాటిచెట్టంత మనిషి, డార్లావీ పొడుగు కాళ్ళే. ఇంకో రోజు ఆమె గది గుమ్మం దగ్గర టేపు పట్టుకుని కనిపించాడు. "తలుపుకి రంగు వేద్దామని," అన్నాడు. రంగు వెయ్యడానికి గుమ్మం వెడల్పు ఎవరు కొలుస్తారు?

ఆ గది ఆమెది. అంతకుముందు మామగారిది. ఆయనకు పక్షవాతం వచ్చినప్పుడు, అత్తగారు లేపలేరని కనాబ్ నుంచి ఇక్కడికి తీసుకొచ్చారు. "రెండు వారాలేగా, డార్లా," అన్నాడు మెరిల్. ఆ రెండు వారాలు నాలుగేళ్ళు నడిచాయి. ఆయనకు నీళ్ళు పోసింది, పక్క మార్చింది, తినిపించింది, దానికోసం ఉద్యోగం సగం రోజుకు తగ్గించుకుంది. మెరిల్ సాయంత్రం గుమ్మంలో నిలబడి "ఎలా ఉన్నావు నాన్నా?" అని అడిగి టీవీ ముందుకు వెళ్ళేవాడు. చర్చిలో అందరూ అతన్ని ఎంత మంచి కొడుకని మెచ్చుకున్నారు. ఆయన పోయాక డార్లా ఆ గదికి పసుపు రంగు వేసి, బల్ల వేసుకుని, రంగుటద్దాల ముక్కలు కోసి బొమ్మలు కట్టడం నేర్చుకుంది. ఇప్పుడు బల్ల మీద సగం అయిన లోయ ఒకటి ఉంది. కాలెండరు చూసి కడుతోంది, ఎరుపు ఎంతకీ కుదరడం లేదు. కళ్ళతో చూస్తే కుదురుతుందని ఆశ పడింది.

శనివారం మెరిల్ ట్రక్కు అద్దానికి నల్ల తెర బిగిస్తున్నాడు. ఒక్క అద్దానికే. వెనక, కుడివైపు.

డార్లా వరండా మెట్టు మీద అలాగే కూచుండిపోయింది. కనాబ్ నుంచి మధ్యాహ్నం బయల్దేరి దక్షిణంగా వస్తుంటే ఎండ కుడివైపు కొడుతుంది. ఆమెకు తెలియక ఎవరికి తెలుస్తుంది? మామగారిని తీసుకొచ్చిన రోజు ఆయన్ని ఆ సీట్లోనే కూచోబెట్టారు. ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి, ఆయన మొహం మీద ఎండ పడకుండా దారి పొడుగునా తువ్వాలు పట్టుకున్నది తనే. అప్పుడు ఒక తెర కొందామని మెరిల్‌కు తోచలేదు.

అనుమానాన్ని మనసులో పెట్టుకుని కుమిలే ఓపిక ఆమెకు లేదు. ఆడపడుచు జనెల్‌కు ఫోన్ చేసింది, అత్తయ్యకి ఏం తెమ్మంటావని.

"నిన్నే తలుచుకుంటున్నాను వదినా," అంది జనెల్. "ఈ రోజుల్లో అత్తగారిని ఎవరు రమ్మంటారు చెప్పు? తుంటి విరిగినప్పటి నుంచీ అమ్మకి ఒకటే దిగులు. మొదట రానంటే రానంది. ఆ ఆప్రికాట్ చెట్టునీ, వంటింటినీ వదిలి ఎక్కడికి పోతానని మొండికేసింది. నువ్వే పిలిచావనీ, నాన్న గది ఖాళీగా ఉందని నువ్వే అన్నావనీ అన్నయ్య చెప్పాక, కాదనలేకపోయింది. డార్లా మనసు కష్టపెట్టలేనంది."

ఇంకొకత్తె ఉండనే ఉంది. ఆవిడకి ఎనభై నాలుగేళ్ళు. పాపం, ఆవిడ్ని కూడా అబద్ధంతోనే బయటికి లాగుతున్నాడు.

డార్లాకు ఒళ్ళు మండిపోయింది. అడిగి ఉంటే ఏమనేదో ఆమెకే తెలియదు, బహుశా సరేననే అనేదేమో. అడగలేదు. ఆమె నోటి మాట ఆమెకు తెలియకుండా వాడుకున్నాడు, ఇంట్లో గిన్నె తీసి వాడుకున్నట్టు. పైగా ముందు లోయలన్నీ చూపించి, కృతజ్ఞతతో నోరు మెదపలేని స్థితిలో కనాబ్‌లో దింపాలని. రిటైరై ఏడాదిగా ఇంట్లో కూచున్నది అతను. పొద్దున్నే లేచి దుకాణానికి పరిగెత్తేది తను.

ఆమె అరవలేదు. పటం మీది పెన్సిలు గీతంతా రబ్బరుతో చెరిపింది. కొత్తది గీసుకుంది.

రాత్రి భోజనం దగ్గర పటం అతని ముందుకు జరిపింది. "దారి కాస్త మార్చాను. ముందు కనాబ్."

మెరిల్ చెంచా కింద పెట్టాడు. "ముందా? అమ్మని ఈ కొండలన్నీ ఎలా తిప్పుతాం? ఆవిడ కూచోలేదు," అని, అన్నాక నాలిక్కరుచుకున్నాడు.

"అత్తయ్య ఎక్కడికీ రానక్కర్లేదు. జనెల్‌తో మాట్లాడాను, అత్తయ్యతో కూడా మాట్లాడాను. ఆవిడకి ఆ ఇల్లే కావాలి. ఇంట్లో మనిషి ఉంటే చాలునంది. నువ్వుంటావని చెప్పాను. చాలా సంతోషించింది."

"నేనా? నాకేం చేతనవుతుంది? నీళ్ళు పొయ్యడం, వండటం..."

"నాకూ అప్పుడు చేతకాలేదు. నేర్చుకున్నాను. పీట నీ దగ్గరే ఉంచుకో, ఆవిడని ఆస్పత్రికి తీసుకెళ్ళేటప్పుడు పనికొస్తుంది."

"మరి నువ్వు?"

డార్లా వేలు పటం మీద పెట్టింది. కనాబ్ నుంచి వెనక్కి జేకబ్ లేక్, అక్కణ్ణుంచి లోయ అంచు. తరవాత జయాన్, బ్రైస్, మోయబ్, మాన్యుమెంట్ వ్యాలీ, పేజ్. పేజ్ నుంచి తిన్నగా ఇంటికి. మళ్ళీ కనాబ్ ఎక్కడా లేదు. ఆ గీతను మెరిల్ కళ్ళతో చివరిదాకా వెంబడించాడు.

"అయితే నన్ను అక్కడ ఎన్నాళ్ళుండమంటావు?" అన్నాడు.

డార్లా అతని పళ్ళెంలో ఇంకో బంగాళాదుంప వేసింది.

"రెండు వారాలేగా, మెరిల్."