పిల్లికి దిగులు మందు

సూర్యకాంతమ్మగారు పోయిన తరువాత ఆ ఇంట్లో తిండి మానేసింది కొడుకూ కాదు, కోడలూ కాదు. ఆవిడ పెంచుకున్న పిల్లి.

తెల్లగా, గుండ్రంగా ఉంటుందని ఆవిడే దానికి గవ్వ అని పేరు పెట్టుకున్నారు. ఆవిడ మంచం మీదే దాని పడక. దినవారాలు అయిపోయి చుట్టాలందరూ వెళ్లిపోయాక గవ్వ ఆ ఖాళీ మంచం కిందకు దూరి అక్కడే ఉండిపోయింది. పాలు పోస్తే మూతి తిప్పుకునేది. పొద్దస్తమానం పొట్ట నాక్కునేది. నాకి నాకి వెంట్రుకలన్నీ ఊడిపోయి, లోపలి తోలు బయటపడి, అక్కడక్కడా పుండ్లు పడ్డాయి.

ఆ సంగతి ముందుగా గమనించింది ఆవిడ కొడుకు చిట్టిరాజు. అతని భార్య రామతులసికి మింగుడుపడనిది అదే.

చిట్టిరాజుకి భీమవరం దగ్గర చేపల చెరువులూ రొయ్యల చెరువులూ ఉన్నాయి. తెల్లారకుండానే మోటారు సైకిలెక్కి వెళ్లిపోయేవాడు. ఈమధ్యే సెల్‌ఫోన్ కొన్నాక భోజనం దగ్గర కూడా మేత బస్తాల గురించీ ఐసు లారీల గురించీ మాట్లాడుతూనే ఉండేవాడు. భార్య కొత్త చీర కట్టుకుందో పాత చీర కట్టుకుందో చూసిన పాపాన పోలేదు. అలాంటి మనిషి నేల మీద బోర్లా పడుకుని, మంచం కిందకి టార్చిలైటు వేసి, పిల్లి పొట్ట చూశాడు.

"తులసీ, ఇలా రా. పాపం, అమ్మ మీద బెంగ పెట్టేసుకుంది ఇది. ఎలా అయిపోయిందో చూడు."

ఆమె వచ్చి చూసింది. వంటింట్లోకి వెళ్లిపోయింది.

మూడేళ్ల క్రితం రామతులసి అక్కయ్య రత్నమాణిక్యం పాలకొల్లులో పచ్చకామెర్లతో పోయింది. తల్లి లేని రామతులసికి జడలు వేసి, బడికి పంపి, పెళ్లి చేసేదాకా అన్నీ ఆ అక్కయ్యే. ఆవిడ పోయాక రామతులసికి అన్నం సహించలేదు. పొద్దున్న లేవాలంటే ఒళ్లంతా బరువు. ఊరికే కూర్చుని ఎడమ ముంజేతిని గోక్కుంటూ ఉండేది. రక్తం వచ్చాకగానీ గోక్కుంటున్నట్టు తెలిసేది కాదు. అత్తగారు దిష్టి తీయించారు. ఎంతకాలం ఇలా ఏడుస్తావమ్మా అన్నారు. చిట్టిరాజు ఆ మాట కూడా అనలేదు. ఆ ఏడు రొయ్యలకి తెగులొచ్చి చెరువులన్నీ ఊడ్చుకుపోయాయి. అతను ఇంటికి వచ్చినా మనసు చెరువు గట్టు మీదే ఉండేది. రామతులసి తనంతట తానే లేచింది. పనులు చేసుకుంది. ముంజేతి మీద మచ్చలు గాజుల కిందకి పోయాయి. లోపలి బరువు మాత్రం పూర్తిగా దిగలేదు.

ఊళ్లో పశువుల డాక్టరుగారు పుండ్లకి పూత మందు ఇచ్చారు. తగ్గలేదు. "నేను గేదెల్ని చూసేవాడిని రాజుగారూ. కాకినాడలో పిల్లుల్నీ కుక్కల్నీ చూసే డాక్టరమ్మ ఉన్నారు, అక్కడ చూపించండి" అన్నారాయన. చిట్టిరాజు మర్నాడు చెరువులో చేపలు పట్టించే పని మేనేజరుకి అప్పజెప్పి, కారు మాట్లాడాడు.

"నువ్వు కూడా రా తులసీ. బుట్ట ఎవరో ఒకరు ఒళ్లో పెట్టుకోవాలి కదా."

ఆమె వెళ్లింది. కాకినాడ దాకా వెదురు బుట్ట ఆమె ఒళ్లోనే ఉంది. బుట్టలోంచి గవ్వ అరిచినప్పుడల్లా చిట్టిరాజు వెనక్కి తిరిగి, "నెమ్మదిగా పోనివ్వవయ్యా, బెదిరిపోతోంది" అని డ్రైవరుతో అనేవాడు. ఆ చూపు బుట్ట దాకా వచ్చి ఆగిపోయేది. ఇంకో జానెడు పైకి ఎత్తితే తన మొహం ఉంది, అనుకుంది రామతులసి.

డాక్టరు సుప్రియ వయసులో చిన్నది. పిల్లిని బల్ల మీద పెట్టుకుని అంతా పరీక్షగా చూసింది. ఎప్పటి నుంచి తినడం లేదు, ఎక్కడ పడుకుంటోంది, ఏ వేళప్పుడు ఎక్కువగా నాక్కుంటోంది అని అడిగింది. చిట్టిరాజు ఒక్కదానికీ తడుముకోలేదు. ఇవన్నీ ఈయన ఎప్పుడు చూశాడా అని రామతులసి తెల్లబోయింది.

"చర్మం జబ్బేమీ లేదండి" అంది సుప్రియ. "పెంచిన మనిషి లేకపోయేసరికి దిగులు పడిపోయింది. మందు రాస్తాను."

"దిగులుకి మందుంటుందాండి?" రామతులసి ఆ గదిలోకి వచ్చాక మాట్లాడిన మొదటి మాట అది.

"ఉంటుందండి. మనుషులకిచ్చేదే. మెడికల్ షాపులో దొరుకుతుంది. దీనికి చిన్న ముక్క చాలు, నేను చెప్పినంతే వెయ్యాలి. వెంటనే గుణం కనపడదు, కొన్ని వారాలు పడుతుంది. మధ్యలో మానెయ్యకండి. దాన్ని ఒంటరిగా వదిలెయ్యకుండా కాస్త దగ్గర కూర్చుని పలకరిస్తూ ఉండండి."

చిట్టిరాజు బుద్ధిగా తలూపాడు. మనుషులకిచ్చేదే అన్న మాట రామతులసి చెవిలో ఇంటి దాకా మోగుతూనే ఉంది.

ఆ రోజు నుంచీ చిట్టిరాజు పొద్దున్నే చెరువుకి వెళ్లడం మానేశాడు. బిళ్ళని బ్లేడుతో కోసి, ఆ ముక్కని ఉడికించిన చేపలో పెట్టి, మంచం పక్కన కింద కూర్చునేవాడు. "తినమ్మా. ఒక్క ముక్క. నా తల్లివి కదూ." ఆ గొంతు రామతులసి ఎప్పుడూ వినలేదు. ఆ మనిషికి అలాంటి గొంతు ఉందనే ఆమెకు తెలియదు. వంటింట్లో గిన్నెలు కావాలని చప్పుడు చేసేది. పులుసులో ఉప్పు ఒకసారి వెయ్యలేదు, ఒకసారి రెండుసార్లు వేసింది. అతను అలాగే తినేశాడు. ఒక మధ్యాహ్నం గవ్వ తన దారికి అడ్డంగా పడుకుని ఉంటే కాలితో పక్కకి తోసింది. తోశాక గుమ్మంలో కూర్చుని ఏడ్చింది. పిల్లి మీద జాలితో కాదు, తన మీద అసహ్యంతో.

చిట్టిరాజు పనిమీద మండపేట వెళ్లాల్సి వచ్చిన రోజున మందు ఆమెకి అప్పగించి వెళ్లాడు. "మర్చిపోకు. తినకపోతే నాకు ఫోన్ చెయ్యి."

అతను వెళ్లాక ఆమె ఆ బిళ్ళ ముక్కని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది. ఇది నేను వేసుకుంటే? నాలుక చివరకు ఆనించి చూసింది. చేదు. గబుక్కున తీసేసి, చేపలో కుక్కి పళ్లెం ముందుకు తోసింది. గవ్వ మెల్లగా బయటికొచ్చి తినేసింది.

"నీ అదృష్టమే అదృష్టం" అంది రామతులసి దానితో.

మందు పనిచేసింది. గవ్వ మంచం కింద నుంచి వరండాలోకి వచ్చింది. పుండ్లు మానాయి. పొట్ట మీద నూగు లేచింది. అది కోలుకున్నకొద్దీ రామతులసికి మరీ ఉడుకుమోత్తనంగా ఉండేది. జబ్బుగా ఉన్నప్పుడు కనీసం పాపం అనుకోవడానికి ఉండేది. ఇప్పుడు అదీ లేదు.

ఒక ఆదివారం తణుకు నుంచి చిట్టిరాజు అన్నగారు వెంకటరాజు వచ్చాడు. చిట్టిరాజు గవ్వని ఎత్తుకుని వెళ్లి పొట్ట చూపించాడు.

"చూశావా అన్నయ్యా, మళ్లీ వస్తోంది బొచ్చు."

"పిల్లికి దిగులేంట్రా, దానికి మందేంటి!" వెంకటరాజు పగలబడి నవ్వాడు.

"నవ్వకు అన్నయ్యా. నోరులేని జీవం. దాని బాధ మనమే కనిపెట్టాలి."

కాఫీ తెచ్చిన రామతులసి ట్రే బల్ల మీద పెట్టింది. గ్లాసులు ఒలికాయి.

"నోరున్నదాన్ని ఎవరు కనిపెడతారండి?"

అన్నదమ్ములిద్దరూ తలెత్తి చూశారు. ఆమె గాజులు మోచేతి వైపు పైకి తోసి చెయ్యి చాపింది.

"ఇది చూడండి. అత్తయ్యగారు పోతే దానికి బెంగొచ్చింది, కాకినాడ తీసుకెళ్లారు. మా అక్కయ్య పోయినప్పుడు నాకూ వచ్చింది. అదీ ఇలాగే చేసుకుంది, నేనూ ఇలాగే చేసుకున్నాను. దాని పొట్ట కనపడింది మీకు, నా చెయ్యి కనపడలేదు. ఆ పిల్లిని చూసి కుళ్లుకుంటున్నానండి నేను. సిగ్గుగానే ఉంది. అయినా పోవడం లేదు."

వెంకటరాజు చప్పుడు చెయ్యకుండా చెప్పులేసుకుని వీధిలోకి వెళ్లిపోయాడు. చిట్టిరాజు ఆ మచ్చల వైపు చూస్తూ ఉండిపోయాడు. గవ్వ అతని చేతుల్లోంచి దూకి పోయింది.

సాయంత్రం అతను వంటింటి గుమ్మం దగ్గరకి వచ్చాడు.

"ఆ ఏడు రొయ్యలు పోయాయి తులసీ. నాకు బుర్ర పనిచెయ్యలేదు."

"రొయ్యలు పోయిన సంగతి మీకు గుర్తుంది."

"రేపు కాకినాడ వెళ్దామా?" అన్నాడు.

"పిల్లితో పాటు నన్నూ చూపిస్తారా? ఒక్క ఖర్చుతో అయిపోతుందనా?"

"కాదు. నీ కోసమే."

"జాలిపడి తీసుకెళ్తే నేను రాను."

ఆమె నిజంగానే వెళ్లలేదు. కొన్నాళ్లు పోయాక తనే సుప్రియకి ఫోన్ చేసి, మనుషులకి అలాంటి మందు ఎవరిస్తారని అడిగింది. ఆ అమ్మాయి నవ్వలేదు, ఎందుకనీ అడగలేదు. కాకినాడలోనే ఒక మానసిక వైద్యుడి పేరు చెప్పింది. రామతులసి భర్త దగ్గరకి వెళ్లి, "శుక్రవారం వెళ్తున్నాను. రావాలనుకుంటే రండి" అంది.

ఆ పెద్ద డాక్టరుగారు, అన్నం సహిస్తోందా, నిద్ర పడుతోందా, ఎన్నాళ్ల నుంచి ఇలా ఉంది అని అడిగారు. చెప్పబోయి చిట్టిరాజు నోరు తెరిచాడు. చెప్పడానికి ఏమీ లేదు. తల వంచుకున్నాడు. రామతులసి అన్నిటికీ తనే జవాబు చెప్పింది. ఆ జవాబులు చిట్టిరాజు కూడా మొదటిసారి విన్నాడు.

"పిల్లికిచ్చిందేనాండి ఇది?" మందుచీటీ అందుకుంటూ అడిగిందామె. డాక్టరుగారికి అర్థం కాలేదు. సంగతంతా చెప్పాక ఆయన నవ్వి, "కాదమ్మా, మీది వేరు" అన్నారు. ఎందుకో ఆ మాట ఆమెకు బాగుంది.

ఇంటికి వచ్చాక చిట్టిరాజు బిళ్ళా, గ్లాసుతో నీళ్లూ తెచ్చి ఆమె ముందు నిలబడ్డాడు.

"దానికి పెట్టినట్టు నాకు పెట్టక్కర్లేదు. నేను వేసుకోగలను. మీరు కూర్చుంటే చాలు."

కూర్చున్నాడు. "మీ అక్కయ్య వంట బాగా చేసేదా?" అని అడిగాడు.

"బాగానా!" రామతులసికి నవ్వొచ్చింది. "అన్నం మాడనిచ్చిన రోజులే ఎక్కువ. పొయ్యి మీద పెట్టేసి పక్కింటి వాళ్లతో కబుర్లు. మాడు వాసన వస్తే, ఎవరింట్లోనో మాడుతోందే పాపం, అనేది."

చిట్టిరాజు నవ్వాడు. ఆమె ఇంకా చెప్పసాగింది. పాలకొల్లు కాలవలో తనకి ఈత నేర్పబోయి అక్కయ్యే మునగబోవడం, తన పెళ్లిలో అక్కయ్యని పాట పాడమంటే పదం మర్చిపోయి మధ్యలో ఏడ్చేయడం. చెబుతూ చెబుతూ ఒకచోట ఆగిపోయి గాజులు తడుముకుంది. అతను లేవలేదు.

"తరవాతేమైంది?" అన్నాడు.