చెరి సగం

స్నానశాలలో ప్లాస్టిక్ గుడ్డ పరిచిన ఎత్తయిన బల్ల మీద గోరువెచ్చని నీళ్ళు కుమ్మరించి, దల్‌సూన్ దానిమీద పడుకున్న మనిషి భుజాన్ని అరచేత్తో రెండుసార్లు తట్టింది. ఇటు తిరగమని దానర్థం. ఎండుచేపల కొట్టు నడిపే చూ బరువుగా మూలుగుతూ పక్కకు ఒత్తిగిలింది. దల్‌సూన్ కుడిచేతికి ఆకుపచ్చ గరుకు తొడుగు బిగించి, చంక కింది నుంచి నడుము దాకా ఒకే ఊపున రుద్దింది. బూడిదరంగు మట్టి పోగులుగా చుట్టుకుని రాలింది.

“ఏం వదినా, ఇవాళ చేతిలో బలం తగ్గిందేంటి? మొగుణ్ణి తలుచుకుంటున్నావా?”

“ఉన్నన్నాళ్ళూ తలుచుకోలేదు, పోయాక తలుచుకోడానికేముంది? కాలెత్తు.”

“ఒళ్ళు మెత్తబడ్డా నీ నోటికి మాత్రం ఏ జబ్బూ రాలేదే!”

“రాదులే. అది మూతపడితే ఊళ్ళో కబుర్లు నీకెవరు చెబుతారు?”

చూ బల్ల అదిరేలా నవ్వింది. ఆ నవ్వు చాటున దల్‌సూన్ తొట్టి వైపు వంగి, తీరిగ్గా నీళ్ళు ముంచుకుంటూ ఊపిరి కూడదీసుకుంది. ఆయాసం వచ్చినప్పుడల్లా నీళ్ళకోసం వంగడం ఆమెకు అలవాటయింది. చూసేవాళ్ళకు అది శ్రద్ధగా కనిపించేది.

దల్‌సూన్ పొట్టి మనిషి. ముంజేతులు మాత్రం రేవులో మూటలు మోసేవాడివిలా ఉండేవి. ఎప్పుడూ నానే వేళ్ళ కొనలు తెల్లగా ముడుచుకుపోయి, ఎవరి వేలిముద్రలో తెలియనట్టు ఉండేవి. బూసాన్ రేవు మీది ఈ స్నానశాలలో ఆమె రుద్దని వీపు ఆ వీధిలో లేదు. తన వీపు రుద్దినది మాత్రం ఒక్కతే, బొక్‌హీ. గుమ్మం దగ్గర తువ్వాళ్ళు, తాళంచెవులు ఇచ్చే మనిషి. పడుచు వయసులో ఇద్దరూ బూట్ల కర్మాగారంలో పక్కపక్కన నిలబడి అట్టలకు జిగురు పూశారు. పెళ్ళి చేసుకోని బొక్‌హీ, సముద్రం మీదికి పోయి తిరిగిరాని మొగుడున్న దల్‌సూన్ ఒకే గది అద్దెకు తీసుకుని అందులోనే ముసలివాళ్ళయ్యారు. జిగురు వాసన ఎప్పుడో మరిచిపోయారు. ఊపిరితిత్తులు మరిచిపోలేదు. ఇద్దరికీ ఒకే జబ్బు వచ్చింది. ఊపిరితిత్తులు మెల్లమెల్లగా ఎండిన సొరబుర్రలా గట్టిపడే జబ్బు.

చూ వీపు మీద చివరి చెంబు నీళ్ళు పోసి, దల్‌సూన్ నల్లని పనిబట్టల మీదే కోటు తొడుక్కుంది. మధ్యాహ్నం పనికి తిరిగి వస్తానని యజమానురాలికి చెప్పింది. గుమ్మం దగ్గరి కుర్చీలో బొక్‌హీకి బదులు యజమానురాలి చెల్లెలు కూర్చుని ఉంది. దల్‌సూన్ ఆ కుర్చీ వైపు చూడకుండా బయటపడి కొండ మీది ఆస్పత్రి బస్సెక్కింది.

కొన్నాళ్ళ కిందట, కొత్త మందును పరీక్షిస్తున్నామని ఆ ఆస్పత్రి డాక్టర్ బాంగ్ ఇద్దరినీ ఒకే రోజున ఆ పరీక్షలో చేర్చుకున్నాడు. సగం మందికి అసలు మందు, సగం మందికి అచ్చం అలాగే ఉండే పిండి మాత్ర. ఎవరికి ఏది వెళుతుందో ఆయనకు కూడా తెలియదని ముందే చెప్పాడు. సీసాలు పట్టుకుని బయటికొచ్చాక, ఆస్పత్రి ఎదుటి నూడుల్సు కొట్టులో ఇద్దరూ కూర్చుని తిన్నారు. చివరికి బొక్‌హీ ఖాళీ అయిన స్టీలు గిన్నెను కోటు అంచుతో తుడిచి, తన సీసా అందులో వంచింది.

“నీదీ పొయ్యి.”

“ఇదేంటక్కా?”

“ఒకళ్ళకి మందు, ఒకళ్ళకి పిండి. ఒకళ్ళు బతికి ఇంకొకళ్ళని కాల్చి రావాలా? ఇదేం లెక్క? పొయ్యి చెబుతా.”

దల్‌సూన్ పోసింది. ఏటా చలికాలం ముందు ఒకే తొట్టిలో కిమ్చీ పచ్చడి కలిపి చెరో జాడీకి ఎత్తుకున్న చేతులవి. ఆ చేతులే మాత్రల్ని కలిపి, చెరి సగం చేసి సీసాల్లోకి ఎత్తాయి. అప్పటినుంచి ప్రతిసారీ అలాగే చేశారు. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఇద్దరినీ తరిమేస్తారని బొక్‌హీ ఒట్టు వేయించుకుంది. ఆ పంపకంలో తప్పేముందో దల్‌సూన్‌కు ఎన్నడూ తోచలేదు. ఒంటరిగా తిన్న ముద్ద ఆమె జీవితంలో ఒక్కటీ లేదు.

ఇవాళ డాక్టర్ బాంగ్ లేచి నిలబడి ఆమెను ఆహ్వానించాడు. ఆయన ముఖం వెలిగిపోతోంది.

“మందు పనిచేసిందమ్మా. ఎంత బాగా పనిచేసిందంటే, గడువుకి ముందే పరీక్ష ఆపేశారు. ఎవరికి ఏది వెళ్ళిందో ఇవాళే తెరిచారు. మీకు వెళ్ళింది పిండి మాత్ర.”

దల్‌సూన్ తల ఊపింది.

“పిండితో ఇంతగా నిలదొక్కుకున్నవాళ్ళు మా దగ్గర ఇంకెవరూ లేరు. ఇందాకే పదిమంది డాక్టర్ల ముందు మీ ఊపిరి గురించే చెప్పాను. ఇవాళ్టి నుంచి మీకు అసలు మందే.” కొత్త సీసా ఆమె ముందుకు జరిపాడు.

“మా అక్కకి?”

బొక్‌హీకి బాధ్యురాలిగా ఆస్పత్రిలో ఉన్నది దల్‌సూన్ పేరే. డాక్టరు ముఖంలో వెలుగు తగ్గింది.

“ఆవిడకి మొదట్నుంచీ అసలు మందే వెళ్ళిందమ్మా. అదే మాకు అంతుబట్టట్లేదు. ఆవిడ ఒంటికి పడలేదు, అంతే. పనిచేయని మందు మింగించి ఇంకా కష్టపెట్టడం దేనికి? అందుకే ఇవాళ్టితో ఆపేస్తున్నాం.”

దల్‌సూన్‌కు ఆయన పెదవులు కదలడం కనిపిస్తూనే ఉంది. చెవుల్లో మాత్రం తొట్టి నిండి పొర్లుతున్న హోరు. పిడుగు దూరంగా పడినప్పుడు మొదట వెలుగు కనిపించి, శబ్దం కాసేపటికి వస్తుంది. ఆ మధ్యనున్న నిశ్శబ్దంలో ఆమె సీసా అందుకుంది, వంగి నమస్కరించింది, తలుపు మెల్లగా మూసింది. అన్నీ సరిగ్గానే చేసింది.

పై అంతస్తులో బొక్‌హీ తలగడలకు ఆనుకుని కూర్చుని ఉంది. ముక్కులో ఆక్సిజన్ గొట్టాలు, ఎముకల మీద వేలాడుతున్న గళ్ళ చొక్కా. కళ్ళు మాత్రం పాతవే.

“తేలిందటగా. నర్సు చెప్పింది. అసలు మందు ఎవరిది?”

దల్‌సూన్ నోరు తెరిచింది. నీది అనాలి. ఒక్క మాట. నీ ప్రాణం సగం నేను తిన్నానని మంచాన పడ్డ మనిషితో చెప్పడం ఎలాగో ఆమెకు తెలియలేదు.

“నాది,” అంది.

బొక్‌హీ తలగడల మీంచి ముందుకు వంగింది. చేయి దుప్పటిని పట్టుకుంది.

“అయితే ఇన్నాళ్ళూ నీది సగం నేను మింగానా?”

“మింగితే మింగావులే.”

“గిన్నె తుడిచింది నేను. కలుపుదామన్నది నేను. ఎంత దొంగముండనే!”

“ఊరుకో అక్కా, ఊపిరి దండగ.”

దల్‌సూన్ సంచిలో చేయి పెట్టింది. కొత్త సీసా చల్లగా తగిలింది. ఆ కదలిక బొక్‌హీ కనిపెట్టింది.

“తియ్యకు. ఇక మొత్తం నువ్వే మింగు. ఒక్కటి నాకు పెట్టావా, మొహాన కొడతా. చచ్చేదాన్ని, నాకెందుకే నీ మందు?” దగ్గు తెర వచ్చింది. అది తగ్గాక నవ్వబోయింది. “పో, పనికి పో. అక్కడ వీపులు ఎదురుచూస్తుంటాయి.”

ప్రేమతో ఆడిన అబద్ధం ఎదుటి మనిషిని కాపాడుతుందని దల్‌సూన్ అనుకుంది. ఆ అబద్ధమే తలుపు మూసేసిందని, ఇక బొక్‌హీ తన చేతి మందు ముట్టదని మెట్లు దిగుతుండగా తెలిసింది. వెనక్కి వెళ్ళి నిజం చెప్పే ధైర్యం కాళ్ళకు లేకపోయింది. బస్సు వస్తే ఎక్కింది.

మధ్యాహ్నం బల్ల మీద పడుకున్నది నూనెల కొట్టు పెద్దావిడ. చర్మం కింద పక్కటెముకలు ఒక్కొక్కటే లెక్కకు వస్తున్నాయి. దల్‌సూన్ తొడుగు చేత్తో వాటి మీదుగా జాగ్రత్తగా రుద్దుతోంది. పెద్దావిడ ఊపిరి తీసినప్పుడల్లా ఎముకలు లేస్తున్నాయి, దిగుతున్నాయి. ఆవిడ ఒంటికి పడలేదు, అన్నాడు డాక్టరు. ఎముకలు లేచాయి. ఒంటికి పడకపోవడమేమిటి? ఆ ఒంటికి పూర్తి మందు ఏనాడు అందింది గనుక? ఎముకలు దిగాయి. పనిచేయలేదన్న మందు దల్‌సూన్ ఒంట్లో పనిచేస్తూనే ఉంది, ఈ క్షణంలో, ఈ చేతిలో. సగం మందుతో ఆమె నిలబడింది. అంతకన్నా వేగంగా గట్టిపడుతున్న బొక్‌హీకి సగం చాలలేదు. పంచుకుంటే అన్నం సగమవుతుంది, ఆకలి కూడా సగమవుతుంది. జబ్బు సగం కాదు. అది ఇద్దరిలోనూ మొత్తంగానే ఉంది.

ఆ తప్పు లెక్క మీదే ఇవాళ ఆ మందు కూడా ఆపేస్తున్నారు.

దల్‌సూన్ తొడుగు ఊడబెరికి బల్ల మీద పడేసింది.

“ఏమేవ్, ఒక పక్కే రుద్ది పోతావేంటే? రెండో పక్క ఎవరు రుద్దుతారు, మీ బాబా?” పెద్దావిడ కేక స్నానశాల గోడలకు తగిలి మోగింది. దల్‌సూన్ అప్పటికే తడి ఒంటి మీద కోటు వేసుకుని వీధిలో ఉంది.

డాక్టర్ బాంగ్ ఇంటికి బయల్దేరబోతున్నాడు. తడి జుట్టుతో గుమ్మం పట్టుకుని నిలబడ్డ మనిషిని మొదట గుర్తుపట్టలేదు.

“మా అక్క మందు ఆపొద్దు. ఆవిడ మొత్తం ఎప్పుడూ మింగలేదు. నేను తిన్నా. సగం నేనే తిన్నా.”

“కూర్చోండమ్మా. ఏం తిన్నారు?”

“ఆవిడ మాత్రలు. రెండు సీసాలూ గిన్నెలో పోసి కలిపేవాళ్ళం. ప్రతిసారీ.”

“గిన్నెలోనా?”

“నూడుల్సు గిన్నె. కడిగి, తుడిచేవాళ్ళం,” అంది దల్‌సూన్, అదే పెద్ద సంజాయిషీ అయినట్టు.

డాక్టరు చేతిలోని కోటు కుర్చీ మీద పడింది. ఎన్నో ఏళ్ళుగా ఎన్నో జాగ్రత్తలు తీసుకున్న మనిషి. ఏ సీసాలో ఏముందో తన కళ్ళకే తెలియకుండా గంతలు కట్టుకున్న మనిషి. ఇద్దరు ముసలివాళ్ళు రోడ్డు దాటి, ఒక గిన్నె ముందు కూర్చుంటారన్నది ఆయన జాగ్రత్తల్లో లేదు.

“ఎందుకమ్మా?” అన్నాడు చివరికి.

దల్‌సూన్‌కు ఆ ప్రశ్న అర్థం కాలేదు.

“మరి ఒక్కళ్ళే ఎలా మింగుతారు?”

ఆయన ముఖం తిప్పుకుని ఫోనందుకున్నాడు. “ఇప్పుడు పూర్తి మోతాదు ఇస్తే ఏమవుతుందో నాకు తెలీదు. ఆలస్యమైపోయి ఉండొచ్చు. కానీ ఇద్దాం. ఈ రాత్రికే మొదలుపెడదాం.” పై అంతస్తు నర్సు పలికింది. ఆయన బొక్‌హీ పేరు చెప్పి, మందు పేరు చెప్పబోయి ఆగాడు. అటు నుంచి ఏదో చెబుతున్నారు. ఆయన వింటూ నిలబడ్డాడు. “ఎప్పుడు?” అన్నాడు ఒకసారి, చాలా చిన్నగా. ఆ తర్వాత ఫోను కింద పెట్టాడు గాని, దాని మీది నుంచి చేయి తీయలేదు.

దల్‌సూన్ ఆ చేతిని చూసి, మెట్ల వైపు నడిచింది.

వార్డులో కిటికీ పక్క మంచం మీద దుప్పటి లేదు. పరుపు మీద పల్చటి పల్లం మాత్రం ఇంకా ఉంది. ఆయా ఒకామె గళ్ళ చొక్కా మడత పెడుతోంది.

“మీరేనా చెల్లెలు? మీ అక్క నిద్రలోనే పోయింది, పిన్నీ. నొప్పి పడలేదు. పక్క మంచం వాళ్ళకి కూడా తెలీలేదు.” ఆయా మంచం పక్కనున్న చిన్న బీరువా వైపు గడ్డం చూపించింది. “మధ్యాహ్నం అన్నంతోపాటు ఇచ్చాం. అంతా తినమన్నా వినలేదు. మా చెల్లెలిది చాలా తిన్నాను, ఇది దానిది, ఎవరూ ముట్టుకోవద్దంది.”

బీరువా మీద, విప్పిన తొక్క దోసిట్లో, సగం నారింజ ఉంది. తొనల అంచులు అప్పుడే ఎండడం మొదలుపెట్టాయి.