బాపయ్య తొడుక్కున్న జాకెట్

గంజ్‌లో ముప్పై ఏళ్లుగా మిరపకాయల మండీ నడుపుతున్నాను. బస్తాలో చేయి పెట్టి గుప్పెడు కాయ తీస్తే తేమ ఎంతో, తాలు ఎంతో చెప్పగలను. మనుషుల్నీ అలాగే చూసేవాణ్ణి. నన్ను నేను మాత్రం ఎప్పుడూ తూచుకోలేదు.

థర్మల్ విద్యుత్ కేంద్రం ఉన్న జిల్లా మాది. పెద్ద ప్రమాదం జరిగి ఒకేసారి యాభై మంది వచ్చిపడితే ప్రతి దవాఖానా ఒకే పద్ధతిలో పనిచేయాలని పైనుంచి కాగితం వచ్చింది. మా వర్తకుల ట్రస్టు దవాఖాన నుంచి క్యాజువాలిటీ సిస్టర్ శరణమ్మను మూడు రోజుల శిక్షణకు పంపాం. తిరిగొచ్చి ఆమె కమిటీ ముందు చెప్పింది చాలా తేలిక. ఆపద వేళ ఒక్కరే ఆజ్ఞ ఇవ్వాలి. వాళ్లు తెల్ల జాకెట్ తొడుక్కుంటారు. మందులూ సామాన్లూ చూసేవాళ్లది నీలం. వచ్చిన క్షతగాత్రుల చేతులకు పట్టీలు కట్టాలి. ఎర్రది కడితే ముందు లోపలికి, పసుపు అయితే కాసేపు ఆగొచ్చు, ఆకుపచ్చ అయితే బయట కూర్చోవచ్చు.

"తెల్లది అధ్యక్షునిదన్నట్టు" అన్నాడు మా అధ్యక్షుడు బాపయ్య.

"అట్లేం లేదయ్యా. పని తెలిసినోళ్లు ఎవరు డ్యూటీల ఉంటే వాళ్లది."

"గదెట్ల? రేపు నువ్వు తొడుక్కుంటే నేను నీ మాట వినాల్నా?"

"ఆ గంట వరకు వినాల్నయ్యా."

కమిటీ అంతా నవ్వింది. నేనూ నవ్వాను.

మా సంఘంలో ఏ గౌరవమైనా పెద్దరికం వరసనే పోతుంది. ఉత్సవంలో మొదటి శాలువా ఎవరిదో, తెల్ల జాకెట్ వారిదే. షామియానా వేసి, పూలదండలు వేయించుకుని జాకెట్లు తొడిగించుకున్నాం. వీపుల మీద మా పేర్లు అచ్చు వేయించాం. నాకు నీలం దక్కింది. ఫొటో చూసి నా భార్య అహల్య, "దవాఖానల మీకేం తెలుసని?" అంది.

"తెలిసేదేముంది, తొడుక్కునుడే గద" అన్నాను.

ఆ జాకెట్లు అధ్యక్షుడి గదిలో అద్దాల బీరువాలోకి చేరాయి.

ఫాల్గుణ మాసంలో ఒక ఉదయం కమిటీ మీటింగుకని నేను ముందుగా వెళ్లాను. పదకొండు దాటాక, యాపలదిన్ని చేలకు కూలీలను తీసుకెళ్తున్న టెంపో బోల్తా పడిందని కబురు వచ్చింది. వెనకాలే మనుషులూ వచ్చారు. ఇరవై ముగ్గురు. శరణమ్మ బీరువా తెరిచి తెల్ల జాకెట్ లాగి తొడుక్కుంది. వీపు మీద 'బాపయ్య' అని ఉండగానే వరండా అంతా తిరిగి ఆరు నిమిషాల్లో అందరికీ టైము రాసిన పట్టీలు కట్టేసింది. అంత శుభ్రంగా కాయ ఏరే గ్రేడరు మా గంజ్‌లో లేడు. నేనూ నీలం తొడుక్కుని సెలైన్ డబ్బాలు మోయించాను.

ఎర్ర పట్టీల్లో మొదటిది తిమ్మమ్మది. మా మండీలో హమాలీ శివన్న భార్య. కడుపు ఉబ్బి బిగిసిపోయింది.

అప్పుడు బాపయ్య వచ్చాడు.

"అది ఇటియ్యమ్మ. నా పేరు కనపడ్తలేదా?"

"అయ్యా, అయిపోయినంక తీస్కోండి. ఈమెకు లోపల రక్తం కారుతుంది. ఆపరేషన్ థియేటర్ తయారుంది."

"అధ్యక్షుడు నువ్వా, నేనా?"

పెనుగులాడే తీరిక లేక ఆమె విప్పి ఇచ్చింది. బాపయ్య తొడుక్కుని గుండీలన్నీ పెట్టుకున్నాడు. టెంపోలో డ్రైవరు పక్కన కూర్చున్నది ఆయన బావమరిది కేశవులు. భుజం జారింది, పసుపు పట్టీ. వరండా దద్దరిల్లేలా అరుస్తున్నాడు.

"మొదలు కేశవులును లోపలికి తీస్కపొండి" అన్నాడు బాపయ్య.

ఉన్నది ఒకటే థియేటర్, ఒకడే సర్జన్. ఆ డాక్టర్ గురురాజ్ నా వైపు చూశాడు. బాపయ్య లెక్కచేసే మాట కమిటీలో నాదొక్కటే. నా కాయ రెండు వేల బస్తాలు బాపయ్య కోల్డ్ స్టోరేజీలో ఉన్నాయి. కన్ను మూసి తెరిచేలోగా నా లెక్క తేలింది.

"పది నిమిషాల పనే గద డాక్టర్ సాబ్" అన్నాను.

నలభై నిమిషాలు పట్టింది. కబురంది మండీ నుంచి పరుగెత్తుకొచ్చిన శివన్న, భుజాల మీద మిరప ధూళితోనే భార్య పాదాలు పట్టుకుని నిలబడ్డాడు. నేను యజమానిని గనుక నన్నేమీ అడగలేదు. థియేటర్ తలుపు తెరుచుకునేలోగా తిమ్మమ్మ పోయింది. కేశవులు చేయి మెడకు కట్టించుకుని బయటికొచ్చి, "చాయ్ దొరుకుతదా?" అన్నాడు. నా నోట్లో ఉమ్మి నిండింది. ఎవరి మీద ఉమ్మాలో తోచక మింగాను.

మూడో రోజు జిల్లాకు నివేదిక పంపాలి. రాసే పని నాది.

"దార్లనే పోయిందని రాయి నాగేశూ" అన్నాడు బాపయ్య.

"చేతి పట్టీ మీద టైమున్నది."

"పట్టీ పారెయ్. గదేమన్న బంగారమా?"

ఇంత తేలిగ్గా అనగలిగిన నోటికి ఇన్నేళ్లు నేను పెద్దరికం ఇచ్చాను. ఇంటికెళ్లి ఉన్నదున్నట్టు రాశాను. వచ్చిన సమయం, ఎర్ర పట్టీ సమయం, ఖాళీగా ఉన్న థియేటర్, అధ్యక్షుడి ఆజ్ఞ, మరణం. ఆ రోజు నిజంగా పని నడిపింది ఆమే కాబట్టి సంతకానికి శరణమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. ఆమె రెండుసార్లు చదివింది.

"ఇందుల ఒకటి తక్కువున్నదయ్యా."

"ఏంది?"

"డాక్టర్ సాబ్ మీ దిక్కు జూసిండు. అప్పుడు మీరన్న మాట."

నేను పెన్ను మూత పెట్టాను.

"అది లేకుంటే నా సంతకం లేదు" అని కాగితం నా ముందుకు తోసింది.

నా చేత్తోనే రాశాను. ఆరు పదాలు, నా పేరు. ఆమె సంతకం చేసింది.

"శివన్నకు సదివి వినిపిస్తరా?"

"నువ్వే చెప్పు సిస్టర్."

"నేనెందుకు? మీ మండీ మనిషి."

శివన్న మరణపత్రం కోసం బయట మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి అలవాటు కొద్దీ లేచాడు.

"కూసో శివన్నా."

కూర్చోలేదు. నిలబడే చదివాను.